బాగున్న కంటికి పట్టీ

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆయన అద్దాలాయనే. బస్టాండు వెనక సందులో ఒక కళ్లజోళ్ల షాపు ఉంది. ముందుగదిలో కళ్ల డాక్టరమ్మ పరీక్షలు చేస్తుంది. వెనకగదిలో ఈయన సాన చక్రం ముందు కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతాడు. పద్నాలుగేళ్లుగా అదే చక్రం, అదే కుర్చీ. కుర్చీకి ఆయన ఆకారం వచ్చిందో, ఆయనకే కుర్చీ ఆకారం వచ్చిందో ఇప్పుడు చెప్పడం కష్టం.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అద్దం అంచు వెంట్రుకవాసి ఎక్కువైనా ఆయన బొటనవేలికి తెలిసిపోతుంది. జోడు పెట్టుకున్న మనిషి తల తిప్పిన తీరు చూసి, ఏ చెవి వెనక నొక్కుతోందో ఆ మనిషి నోరు తెరవకముందే చెప్పేస్తాడు. ఊళ్లో సగం ముక్కుల కొలతలు ఆయనకి కంఠతా వచ్చు.

ఇంతటి పనిమంతుడికీ ఒక భయం ఉంది. మాటంటే భయం.

ఆయన ఈ ఊరొచ్చేనాటికి ఇరవై రెండేళ్లవాడు. ఊరి భాష ఒక్క ముక్క రాదు. వచ్చిన మూడోరోజున ఏదో కాగితం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే, కిటికీ వెనక గుమాస్తా ఏదో అడిగాడు. ఈయన నవ్వాడు. గుమాస్తా మళ్లీ అడిగాడు, ఈయన మళ్లీ నవ్వాడు. మూడోసారి గుమాస్తా చెవిటివాణ్ణి అడిగినట్టు గొంతు చించుకున్నాడు. వెనక నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు. ఎన్నాళ్లకో తెలిసింది, అడిగింది పుట్టినతేదీ అని. పుట్టినతేదీ చెప్పలేని మనిషి ఉంటాడా! తెలిసిన సంగతే నోట్లో పెట్టుకుని, ఏమీ తెలియనివాడిలా నిలబడ్డాడు. ఇప్పటికీ తల్చుకుంటే ఆయన చెవులు వేడెక్కుతాయి.

తర్వాత భాష వచ్చింది. ఎంత వచ్చిందంటే, షాపుకి ఎంత కావాలో అంత. ఎవరైనా గబగబా మాట్లాడితే సగం జారిపోతుంది. అప్పుడు తలూపుతాడు. అన్నీ అర్థమైనవాడిలా, పెద్దమనిషి తరహాలో, భేషుగ్గా తలూపుతాడు. ఆ తలూపుడు వెనక ఏమీ లేదని కట్టుకున్న భార్యకి కూడా తెలియదు.

ఇంట్లో నలుగురు. ఆయన, ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే భార్య, ఆయన తల్లి, నాలుగున్నరేళ్ల కూతురు. కూతురు పొట్టిగా, బొద్దుగా ఉంటుంది కాబట్టి నాయనమ్మ దానికి బుడంకాయ అని పేరు పెట్టింది. బళ్లో ఇంకేదో పేరుంది గానీ, ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే ఎవరో చుట్టాలొచ్చారనుకుని బుడంకాయే తలుపు వైపు చూసేది.

బడికి వెళ్లకముందు ఆ పిల్ల వసపిట్ట. నాయనమ్మతో తెలుగు, మెట్ల మీద పిల్లలతో ఊరి భాష, ఎవరూ లేకపోతే రెండూ కలిపి బొమ్మలతో. బళ్లో చేరాక నోరు పడిపోయింది. మూడు నెలలు చూసి టీచరు కబురంపింది. ఆవిడ మంచిదే, కేకలేసే రకం కాదు. మెత్తగానే చెప్పింది.

"అడిగితే జవాబు చెప్పదు. చెప్పినా సగం మా భాష, సగం మీ భాష. బుర్రలో రెండూ కలిసిపోతున్నాయేమో. కొన్నాళ్లు ఇంట్లో కూడా మా భాషే మాట్లాడి చూడండి. ఏడాది చివర చిన్న పరీక్ష ఉంటుంది. బొమ్మ చూపిస్తే నాలుగు మాటలు చెప్పాలి. చెప్పలేకపోతే ఇదే క్లాసులో ఇంకో ఏడాది కూర్చోవాల్సి వస్తుంది."

అద్దాలాయన తలూపాడు. ఈసారి అంతా అర్థమైంది, అదే బాధ. కిటికీ ముందు తన కూతురు నిలబడి ఉన్నట్టు, వెనక జనం నవ్వుతున్నట్టు కళ్లకు కట్టింది.

సరిగ్గా ఆ వారమే షాపుకి ఒక చిన్న పిల్ల వచ్చింది. ఆ పిల్లకి పుట్టుకతోనే ఒక కన్ను బద్ధకిస్తుంది, చూపు భారమంతా రెండోదాని మీదే పడేస్తుంది. దానికి వైద్యం ఏమిటంటే, బాగున్న కంటికి పట్టీ అంటించాలి. అప్పుడు గత్యంతరం లేక బద్ధకపు కన్ను పనిలోకి దిగుతుంది. ఇలాంటి పిల్లలు ఎందరో అద్దాలాయన చేతుల మీదుగా బాగుపడ్డారు. పట్టీ అంటించి, ఎప్పుడు కట్టాలో ఎప్పుడు తియ్యాలో తల్లికి జాగ్రత్తలన్నీ ఒప్పజెప్పి పంపాడు. ఆ తల్లి గుమ్మం దాటుతుండగా మనవాడి బుర్రలో దీపం వెలిగింది. వెలిగితే వెలిగింది గానీ, ఆ వెలుగులో ఇల్లంతా ఎలా మాడిపోతుందో చూసుకోలేదు.

ఆ సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "పిల్లకి తెలుగు బాగున్న కన్ను. ఊరి భాష బద్ధకిస్తున్న కన్ను. కొన్నాళ్లు తెలుగుకి పట్టీ కడదాం. పిల్ల ముందు ఎవరూ తెలుగు మాట్లాడొద్దు."

"అంటే నా నోటికి కడతావట్రా పట్టీ?" అంది తల్లి.

"నోటికి కాదమ్మా, తెలుగుకి."

"నా నోట్లో ఇంకేముందిరా?"

భార్య మధ్యలో కలగజేసుకుంది. "టీచరు కూడా అదే అంటోంది కదా అత్తయ్యా. దాని మంచికే కదా. కొన్నాళ్లే." ఆవిడకీ భయమే. లాండ్రీలో పైవాళ్లు తిట్టేది అర్థం కాక మొదటి ఏడాదంతా ఇస్త్రీపెట్టె ఆవిరిలో మొహం దాచుకుని ఏడ్చిన మనిషి.

పెద్దావిడ మనవరాలి వైపు కాసేపు చూసింది. "దానికి మంచిదైతే సరే నాయనా, నోరు మూసుకుంటాను" అంది. మూసుకుంది కూడా. ఆవిడ మాటంటే మాటే.

ఇక ఆ ఇంటి తమాషా చూడాలి. అద్దాలాయనకి వచ్చిన ఊరి భాష షాపు భాష. గడ్డం పైకెత్తండి, ఎదురుగా చూడండి, చెవి వెనక నొక్కుతోందా, రేపు సాయంత్రం రండి. ఇంతే సరుకు. దాంతో పిల్లని పెంచడం మొదలుపెట్టాడు. పొద్దున్నే చొక్కా బొత్తాలు పెడుతూ గడ్డం పైకెత్తండి అనేవాడు. జుట్టు దువ్వుతూ ఎదురుగా చూడండి అనేవాడు. బుడంకాయ మర్యాదస్తురాలైన కస్టమరులా చెప్పినట్టల్లా చేసేది. ముద్దు చెయ్యడానికి ఆ భాషలో ఆయన దగ్గర ఒక్క మాట లేదు. బంగారుతల్లీ అనాలని నోటిదాకా వచ్చి, మింగేసి, బుగ్గ మీద ఒక్కసారి తట్టి ఊరుకునేవాడు.

ఒకరోజు పిల్ల మెట్ల మీద జారిపడి మోకాలు చీరుకుని ఏడుస్తూ వచ్చింది. ఆయన పరిగెత్తి ఎత్తుకున్నాడు. ఏదో ఒకటి అనాలి, పిల్ల ఊరుకోవాలి. వెతుక్కుంటే నోటికొచ్చింది ఒక్కటే. "వంగింది. సరిచేస్తాను" అన్నాడు ఊరి భాషలో, ఫ్రేము గురించి చెప్పినట్టు. ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపి, ఆయన మొహంలోకి చూసి, కిందికి దిగిపోయింది. గుమ్మం దగ్గర నాయనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

అన్నిటికంటే కష్టమైంది దెబ్బలాట. భార్యాభర్తలన్నాక మాటామాటా అనుకోకుండా ఎలా ఉంటారు? అరువు తెచ్చుకున్న భాషలో దెబ్బలాడితే అసలు ఎక్కదు. ఒక చక్కటి తిట్టు మొదలుపెట్టి, మధ్యలో మాట దొరక్క ఆగిపోతే ఎంత నామోషీ! అందుకని ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లి, గాజుతలుపు మూసి, తెలుగులో కరువుతీరా కలియబడి, మళ్లీ లోపలికొచ్చి ఊరి భాషలో పాలు తాగావా అని పిల్లనడిగేవాళ్లు. ఆ సేపంతా బుడంకాయ గాజుకి ముక్కు ఆనించి చూస్తూ నిలబడేది.

నాయనమ్మ ఊరి భాషలో మూడు మాటలు నేర్చుకుంది. రా, తిను, వద్దు. మూడు మాటలతో మనవరాలికి ఎంత చెప్పగలదు? పిల్ల మొదట్లో ఆవిడ ఒళ్లో కూర్చుని, చీర కొంగు లాగి, కథ చెప్పమని కళ్లతో అడిగేది. ఆవిడ తల అడ్డంగా ఊపేది. కొన్నాళ్లకి అడగడం మానేసింది. నెమ్మదిగా అన్నీ మానేసింది. కావలసినదాని వైపు వేలు చూపించేది, అక్కర్లేకపోతే మొహం తిప్పుకునేది. బొమ్మలతో కూడా మాట్లాడటం లేదని వాళ్లమ్మ గమనించి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఐదో నెలలో టీచరు మళ్లీ పిలిచింది. "ఇప్పుడు పాటలు కూడా పాడటం లేదు. నోరే తెరవడం లేదు. పరీక్ష మూడు వారాల్లో ఉంది" అంది. మన పెద్దమనిషి ఏం చేశాడు? పట్టీ ఇంకా బిగించాలనుకున్నాడు. బాల్కనీలో కూడా గొంతు తగ్గించమని భార్యకి హుకుం జారీ చేశాడు. మనుషులు తెలివితక్కువతనం వల్ల కాదు, భయం వల్లే ఇంత మూర్ఖంగా తయారవుతారు.

ఆ వారంలోనే నాయనమ్మ గ్లాసులో పొయ్యాల్సిన పాలు గ్లాసు పక్కన పోసింది. మర్నాడు బడికి సెలవు, కోడలికి డ్యూటీ. అద్దాలాయన తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని షాపుకి వెళ్లాడు. డాక్టరమ్మకి తెలుగు రాదు, తల్లికి ఊరి భాష రాదు. మధ్యలో తను ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాలని లెక్క. డాక్టరమ్మ పెద్దావిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి పెట్టే గుండ్రటి ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టిందో లేదో, ఒక బస్సు డ్రైవరు రొప్పుతూ లోపలికొచ్చాడు. చేతిలో కళ్లజోడు రెండు ముక్కలు. ఇరవై నిమిషాల్లో బండి తియ్యాలి, జోడు లేకపోతే బండి తియ్యనివ్వరు.

"వెళ్లి చేసి పెట్టు, ఈలోపు నేను మొదలుపెడతాను" అంది డాక్టరమ్మ. అద్దాలాయన డ్రైవర్ని వెంటబెట్టుకుని వెనకగదిలోకి వెళ్లి చక్రం తిప్పాడు.

చక్రం హోరులో ఒక గొంతు వినిపించింది. ముందు రేడియో అనుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, షాపులో రేడియో లేదని. చక్రం ఆపాడు.

"నాయనమ్మా, ఊరికే ఆఁ ఆఁ అనకు. ఇప్పుడు పెట్టిన అద్దం బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడుగుతున్నారు ఆవిడ."

అది బుడంకాయ గొంతు. ఐదు నెలలుగా ఇంట్లో వినిపించని గొంతు.

"ఏదైనా ఒకటేనే తల్లీ. పాపం ఆవిణ్ణి విసిగించడం ఎందుకు" అంది నాయనమ్మ, కొడుక్కిచ్చిన మాట మర్చిపోయి.

పిల్ల అటు తిరిగి, చక్కటి ఊరి భాషలో, ఎక్కడా తడుముకోకుండా డాక్టరమ్మతో అంది. "రెండూ ఒకటేనట. కానీ అది నిజం కాదు. మీరు అలిసిపోతారని అలా అంటోంది. ఇంకొక్కసారి మార్చి చూపించండి."

అద్దాలాయన లేచి తలుపు సందులోంచి చూశాడు. చేతిలో డ్రైవరు జోడు అలాగే ఉంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ ఇంకో అద్దం వేసింది. పిల్ల స్టూలెక్కి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. ఒక్కో అద్దానికీ అటు అడగడం, ఇటు చెప్పడం. డాక్టరమ్మ పెద్ద మాటలు వాడితే వాటిని నాయనమ్మకి అందేలా చిన్నవి చేస్తోంది. నాయనమ్మ నసిగితే ఆ నసుగుడులో ఉన్న అవును, కాదు ఏరి డాక్టరమ్మకి ఇస్తోంది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ అడగలేదు. అద్దాలాయనకి పద్నాలుగేళ్లలో రాని విద్య అది. ఆయన ఇటునుంచి అటు వెళ్లేసరికి ఇక్కడిది మర్చిపోతాడు. ఆ పిల్ల రెండుచోట్లా ఒకేసారి ఉంది.

పదో అద్దమో పదకొండోదో వేసేసరికి నాయనమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఓలమ్మో! ఆ మూల ఎంత దుమ్ముందే! ఊడవరా వీళ్లు?" అంది.

డాక్టరమ్మ పిల్ల వైపు చూసింది, ఏమంటోంది అన్నట్టు. బుడంకాయ ఒక్క క్షణం ఆలోచించింది. మూల వైపు చూసింది, డాక్టరమ్మ మొహం వైపు చూసింది. "ఇప్పుడు గదంతా బాగా కనిపిస్తోందట" అంది.

దుమ్ము సంగతి మింగేసింది! ఐదేళ్లు నిండని పిల్ల, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తనే తేల్చుకుని, ఇద్దరికీ నొప్పి లేకుండా మాట దాటించింది. అద్దాలాయనకి ఒళ్లు గగుర్పొడిచింది. మాట రాని పిల్ల అని ఈ పిల్ల గురించేనా తను బెంగపెట్టుకుంది? దాని బుర్రలో కలిసిపోయినవేమీ లేవు. ఎవరి మాట వాళ్లకి, దేని చోటు దానికి, తన బల్ల మీది పనిముట్ల కంటే పొందికగా ఉన్నాయి. తన కడుపున పుట్టిన పిల్లని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. దణ్ణం పెట్టాలనిపించింది, నిజంగా.

"అయ్యా, నా బస్సు" అన్నాడు వెనక నుంచి డ్రైవరు.

డ్రైవర్ని పంపించాక డాక్టరమ్మ వెనకగదిలోకి వచ్చింది. "మాట రావడం లేదన్నావు, ఈ పిల్లకేనా?"

అద్దాలాయన పట్టీ సంగతి చెప్పాడు. చెబుతుంటే తనకే ఎబ్బెట్టుగా ఉంది.

"రోజుకి ఎంతసేపు కట్టావు?"

"రోజంతా."

"ఎన్నాళ్లు?"

"ఐదు నెలలు."

"పట్టీ ఇచ్చేటప్పుడు తల్లులకి ఏం చెప్తావు నువ్వు?"

"రెండు గంటలు. అంతకు మించొద్దని చెప్తాను."

"ఎందుకు మించొద్దు?"

ఎందుకో ఆయనకి తెలుసు. పద్నాలుగేళ్లుగా వచ్చిన ప్రతి తల్లికీ వేలు ఆడించి మరీ చెబుతున్నాడు, ఎక్కువ కడితే బాగున్న కన్ను కూడా మసకబారుతుందని.

"నేను కళ్ల డాక్టర్ని, మాటల డాక్టర్ని కాదు" అంది ఆవిడ. "పిల్లలకి భాష ఎలా వస్తుందో నాకు తెలీదు. కానీ పరీక్ష చెయ్యకుండా వైద్యం చేశావు. ఏ కన్ను బద్ధకిస్తోందో, అసలు బద్ధకిస్తోందో లేదో ఎవరు చూశారు?"

సాయంత్రం ముగ్గురూ ఇంటికి బయల్దేరారు. రోడ్డు దాటాలి. అద్దాలాయన వంగి, ఐదు నెలల తర్వాత కూతురితో మొదటిసారి తెలుగులో మాట్లాడాడు. "చెయ్యి పట్టుకో తల్లీ, బండ్లొస్తున్నాయి."

పిల్ల భుజాలు ముడుచుకుంది. నాయనమ్మ చీరలోకి జరిగి, ఊరి భాషలో మెల్లిగా అడిగింది. "నాన్నా, కోపం వచ్చిందా?"

"లేదమ్మా! ఎందుకొస్తుంది?" అన్నాడాయన తెలుగులోనే. పిల్ల ఇంకా ముడుచుకుంది.

తల్లికి ఆ భాష రాకపోయినా మనవరాలి భుజాలు అర్థమయ్యాయి. "ఇన్నాళ్లూ నీ నోట అది విన్న తెలుగంతా బాల్కనీలో అరుపులేరా" అంది. ఆవిడ తిట్టలేదు, ఉన్నమాట చెప్పింది.

అద్దాలాయన ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాడు. జనం చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చాడు. పిల్లకి ఊరి భాష రాలేదని కాదు, ఊరి భాషలో అది రాణిలా మాట్లాడుతుంది. తండ్రి భాష అంటే కోపం అని నేర్పించాడు, అదీ ఏడుపు. బుడంకాయ కాసేపు చూసి, దగ్గరికొచ్చి, ఆయన చెవి వెనక వేలు పెట్టి, "ఇక్కడ నొక్కుతోందా?" అంది ఊరి భాషలో.

ఆ రోజుతో పట్టీ ఊడింది. నాయనమ్మ ఐదు నెలల మాటలు ఒక్క వారంలో మాట్లాడేసింది. ఆవిడ పక్కన కూర్చున్న బుడంకాయకి సందు దొరికేది కాదు. అయినా ఎలాగో దూరిపోయేది. వాళ్లమ్మతో తెలుగు మొదలైంది. మెట్ల మీద ఊరి భాష మొదలైంది. తండ్రితో మాత్రం లేదు. ఆయన తెలుగులో ఏదైనా అంటే ఒక్క క్షణం ఆయన కళ్లు వెతికి, తలూపి వెళ్లిపోయేది.

భార్యకి కొత్త భయం పట్టుకుంది. "ఏమండీ, పరీక్ష ఇంకో రెండు వారాలే ఉంది. ఇప్పుడు ఇలా వదిలేస్తే, మళ్లీ అన్నీ కలిపి మాట్లాడితే?"

"మాట్లాడితే మాట్లాడుతుంది."

"ఇంకో ఏడాది అక్కడే కూర్చోబెడితే?"

ఒక్క పూట చూసిన అద్భుతంతో పద్నాలుగేళ్ల భయం పోతుందా? "కూర్చోబెడితే కూర్చుంటుంది. నోరు లేకుండా పై క్లాసుకి వెళ్లి ఏం చేస్తుంది?" అన్నాడు. అనేశాడు గానీ ఆ రోజు అన్నం సహించలేదు. బాల్కనీ తలుపు మాత్రం తీసే ఉంచారు. దెబ్బలాటలు ఆగలేదు, లోపలికొచ్చాయి. మధ్యలో నవ్వు కూడా వస్తుందని, దెబ్బలాడాక ఇద్దరూ ఒకే కంచంలో తింటారని పిల్ల చూసింది.

రోజూ పొద్దున్న బొత్తాలు పెడుతూ, జుట్టు దువ్వుతూ ఆయన తెలుగులో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. జవాబు అడగలేదు. షాపులో వచ్చిన పొడుగు ముక్కాయన గురించి, జోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతుక్కున్న ముసలాయన గురించి. పన్నెండో రోజున బూటు తాడు కడుతుంటే పైనుంచి వినిపించింది. "గట్టిగా కట్టావు నాన్నా, నొప్పి." తెలుగులోనే. ఆయన తల ఎత్తలేదు, ఎత్తితే ఎక్కడ ఆగిపోతుందోనని. ముడి విప్పి వదులుగా కట్టాడు. ఆ పూట షాపులో మొదటిసారిగా ఒక అద్దం ఎక్కువ అరగదీసి పాడుచేశాడు.

పరీక్ష రోజున తండ్రీ కూతురూ చిన్న కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. టీచరు కాగితం తీసి అడిగింది. "ఇంట్లో మా భాషే మాట్లాడుతున్నారు కదా?"

అవునని తలూపితే సరిపోయేది. "లేదండీ, మానేశాం" అన్నాడు. టీచరు కలం ఆగింది. ఆయన మాటలు కూడదీసుకున్నాడు. "మీ భాషలో నాకు కళ్లజోడు పెట్టడం వచ్చు. పిల్లని పెంచడం రాదు. అది మా భాషలోనే వచ్చు."

టీచరు కలం పక్కన పెట్టింది. ఒక బొమ్మ తీసి పిల్ల ముందు పెట్టింది. బెంచీ మీద ఒక అబ్బాయి ఏడుస్తున్నాడు. "ఎందుకు ఏడుస్తున్నాడు?"

బుడంకాయ బొమ్మ చూసింది. ఎంతసేపో చూసింది. గడియారం టకటకలాడుతోంది. అద్దాలాయనకి ఊరి భాషలో ఏదైనా అందిద్దామని నాలుక దురద పెట్టింది. ఆపుకున్నాడు. టీచరు ముందే తెలుగులో, "నీకేమనిపిస్తే అది చెప్పు తల్లీ" అన్నాడు.

పిల్ల టీచరు వైపు తిరిగి ఊరి భాషలో చెప్పింది. "వాడి కళ్లజోడు విరిగింది. ఇంటికి దారి కనపడటం లేదు."

టీచరు బొమ్మ తన వైపు తిప్పుకుని చూసింది. "ఇందులో కళ్లజోడు ఎక్కడుంది?"

"విరిగిందన్నాను కదా" అంది బుడంకాయ ఓపిగ్గా. "బాగుచెయ్యడానికి ఇచ్చారు. అందుకే లేదు."

టీచరు ఫక్కున నవ్వింది. తర్వాత ఇంకో బొమ్మ, ఇంకో బొమ్మ. పిల్ల చెబుతూనే ఉంది. ఒకచోట మాట దొరక్క తండ్రి చెవిలో తెలుగులో గుసగుసలాడింది. ఆయనకీ ఆ మాట రాదు. "పోనీలే" అని పిల్లే ఆ సంగతిని చేతులు తిప్పుతూ ఇంకోలా చెప్పింది. ఆయన నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నాడు. తను పరుగెత్తి అందుకోలేని వేగంతో తన కూతురు వెళ్తోంది, చెయ్యి మాత్రం ఆయన చేతిలోనే ఉంచి.

చివర్లో టీచరు లేచి, కాగితాలు సర్దుతూ, తలుపు దాకా వస్తూ గబగబా ఏదో చెప్పింది. ఆవిడ సంతోషంలో ఉంది కాబోలు, మాటలు గుర్రాల్లా పరుగెత్తాయి. మొదటి రెండు మాటలే అందాయి. తక్కినవి జారిపోయాయి. అద్దాలాయన తలూపాడు, పెద్దమనిషి తరహాలో, భేషుగ్గా.

బయట గేటు దాకా నడిచారు. కాగితం ఆయన చేతిలో ఉంది గానీ, ఆ రాత కూడా గొలుసుకట్టు. తన కూతురు పైకి వెళ్తుందో, అక్కడే ఉంటుందో తండ్రికి తెలియదు. వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పండి అని అడగాలి. లేదా ఇంకెవరినైనా అడగాలి. పద్నాలుగేళ్లలో ఎవరినీ అలా అడిగిన మనిషి కాదు. గేటు దగ్గర ఆగాడు. పిల్ల ఎత్తుకి కూర్చున్నాడు.

"టీచరు చివర్లో ఏమంది తల్లీ? నాకు అర్థం కాలేదు."

"తెలుసు" అంది బుడంకాయ తెలుగులో. "నువ్వు తలూపుతుంటేనే తెలిసిపోయింది. అందుకే నీకోసం కూడా నేనే విన్నాను."

ఆయనకి సిగ్గు ముంచుకొస్తుందనుకున్నాడు. రాలేదు. ఇంతకాలం మోసిన బరువు ఎవరో అడగకుండానే ఒక చివర పట్టుకున్నట్టనిపించింది.

"నేను పై క్లాసుకి వెళ్తానట. అక్కడ ఇంకా పెద్ద బొమ్మలుంటాయట. నేను కథలు బాగా అల్లుతున్నానట. ఎవరు నేర్పారో వాళ్లని ఒకరోజు బడికి రమ్మంది. నాయనమ్మ వస్తే తెలుగులో చెప్పాలి, నేను పిల్లలకి వాళ్ల భాషలో చెప్పాలి."

అద్దాలాయన కళ్లు మసకబారాయి. కూతురి రెండు చేతులూ పట్టుకుని, గేటు ముందు అలాగే గొంతుక్కూర్చున్నాడు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు.

"ఇంకా ఏమంది?" అని అడిగాడు.